తమ్ముడికి బయాప్సీలో ఎఫ్ఎస్‌జీఎస్ (కిడ్నీ వడపోత జల్లెడల్లో మచ్చలు పడటం) అని వచ్చింది, స్టెరాయిడ్ మొదలుపెట్టాలంటున్నారు, తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి

సోంపేట_అక్క:

అందరికీ నమస్తే. మాది సోంపేట దగ్గర ఊరు. మా తమ్ముడికి 21, డిగ్రీ అయిపోయి వైజాగ్‌లో బట్టల షోరూంలో చేస్తున్నాడు. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడే పొద్దున్న లేవగానే మొహం ఉబ్బరంగా ఉండేది, అమ్మేమో సరిగా నిద్రపోవట్లేదురా నువ్వు అంది, తర్వాత చూస్తే చెప్పులు పట్టనంత వాపు కాళ్ళకి, వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోతోంది, మూత్రంలో నురగ ఎంతసేపటికీ పోదు. తిండి తగ్గిపోయింది, బరువేమో పెరిగిపోయాడు. వైజాగ్‌లో నెఫ్రాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్తే టెస్టులు చేయించి నెఫ్రోటిక్ సిండ్రోమ్, అంటే మూత్రంలో ప్రోటీన్ బాగా పోయి ఒళ్ళు వాచడం అన్నారు, ఎందుకొచ్చిందో తెలియాలంటే బయాప్సీ తప్పదన్నారు, చేయించాం.

రిపోర్టులు చెప్తాను. 24 గంటల యూరిన్ ప్రోటీన్ 6.8 గ్రాములు, రక్తంలో ఆల్బుమిన్ 1.9, కొలెస్ట్రాల్ 388, క్రియాటినిన్ 1.1, బీపీ 130/86. షుగర్ లేదు, హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ అన్నీ నెగెటివ్. బయాప్సీలో 18 గ్లోమెరులై వచ్చాయట, అందులో 4 ఇంటికి సెగ్మెంటల్ స్క్లిరోసిస్, ఒకటి గ్లోబల్, ఇంటర్‌స్టీషియల్ ఫైబ్రోసిస్ (చుట్టూ కణజాలంలో మచ్చ) 10 శాతం, ఐఎఫ్ (ఇమ్యునోఫ్లోరోసెన్స్) పరీక్షలో పెద్దగా ఏమీ లేదని రాశారు. ఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు) అనేది చేయలేదు. చివర్న ఎఫ్ఎస్‌జీఎస్, ఎన్ఓఎస్ అని ఉంది.

డాక్టరుగారు ప్రెడ్నిసలోన్ రోజుకి 60 మిల్లీగ్రాములు మొదలుపెడదాం, నాలుగు నెలల దాకా కూడా పట్టొచ్చు అన్నారు. టెల్మిసార్టన్ అనే బీపీ బిళ్ళ, వాపు తగ్గడానికి లాసిక్స్, కొలెస్ట్రాల్ బిళ్ళ ఇప్పటికే ఇచ్చారు. ఇంట్లో మాత్రం గోలగా ఉంది. మా పెదనాన్న డయాలసిస్ మీదే పోయారు, మా ఊళ్ళో కిడ్నీ అంటే అందరికీ ఉద్దానం జబ్బే, ఇంకేటి లేదు, ఇదీ అదే అని అమ్మ ఏడుపు ఆపట్లేదు. మావయ్యేమో స్టెరాయిడ్ వేస్తే ఉన్న కిడ్నీ కూడా పోతుంది అంటున్నాడు. నాన్న ఇప్పట్నుంచే నా కిడ్నీ ఇస్తానని కూర్చున్నాడు. నెట్‌లో చూస్తే మచ్చలు పడితే ఇక తగ్గవు అని ఉంది. నిజంగా తగ్గదా? ఇది ఉద్దానందేనా? ప్రోటీన్ పోతోంది కాబట్టి రోజూ నాలుగు గుడ్లు పెట్టమని ఒకరు, పప్పు కూడా మానెయ్యమని ఇంకొకరు. ఏది వినాలో తెలీట్లేదు.

కాకినాడ_రాజు:

అమ్మా, ముందు మీ అమ్మగారికి నా సంగతి చెప్పండి. నాకు ఇదే ఎఫ్ఎస్‌జీఎస్ 2016లో బయటపడింది, అప్పుడు ప్రోటీన్ 9 గ్రాములు పోయేది. ఇప్పుడు క్రియాటినిన్ 1.3, ప్రోటీన్ ఒక గ్రాము లోపు, రోజూ ఉద్యోగానికి వెళ్తున్నానండి, పెళ్ళయింది, పాప ఉంది. డయాలసిస్ గుమ్మం ఇంతవరకు తొక్కలేదు. అందరికీ ఇలాగే అవుతుందని చెప్పను, మా వార్డులో నాతోపాటు ఉన్న ఒకాయనకి ఏ మందూ పనిచేయలేదు. కానీ పేరు చూసి ఇప్పుడే అయిపోయిందని ఏడవక్కర్లేదు.

స్టెరాయిడ్ సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను. కిడ్నీని స్టెరాయిడ్ పాడుచేయదు, పాడుచేసేది కారిపోతున్న ప్రోటీన్. కాకపోతే మిగతా ఒంటి మీద దాని దెబ్బ గట్టిగానే ఉంటుంది. మొహం గుండ్రంగా అయిపోద్ది, మొటిమలు, అర్ధరాత్రి లేచి అన్నం తినాలనిపించే ఆకలి, ఊరికే కోపం, నిద్ర పట్టదు. 21 ఏళ్ళ కుర్రాడికి మొహం మారిపోవడమే పెద్ద బాధండి, ఫొటోలు దిగనంటాడు, ఫ్రెండ్స్‌ని కలవనంటాడు, అక్కడ మీరే చూసుకోవాలి. డోసు తగ్గాక మొహం మళ్ళీ మామూలైపోద్ది. బిళ్ళలు పొద్దున్నే టిఫిన్ తిన్నాక ఒకేసారి వేసుకోమనండి, రాత్రి వేసుకుంటే నిద్ర ఉండదు. షుగర్, బీపీ మధ్యమధ్యలో చూపించాలి. ఎముకలకి కాల్షియం, విటమిన్ డీ, కడుపుకి గ్యాస్ బిళ్ళ మామూలుగా డాక్టరే రాస్తారు. అన్నిటికన్నా ముఖ్యం, ఎవరో భయపెట్టారని మధ్యలో ఒక్కసారిగా ఆపకూడదు. అన్నాళ్ళు వాడాక మన ఒంట్లో తయారయ్యే స్టెరాయిడ్ నిద్రపోతుంది, హఠాత్తుగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదకే వస్తుంది. తగ్గించేటప్పుడు మెల్లగా తగ్గిస్తారు.

నాకు స్టెరాయిడ్‌తో తగ్గి, డోసు తగ్గించగానే మళ్ళీ ప్రోటీన్ వచ్చేది. అందుకని టాక్రోలిమస్ అనే ఇంకో మందుకి మార్చారు. దాని కథ వేరే, అవసరమైతే అప్పుడు చెప్పుకుందాం.

స్లైడ్_చూసేవాడు:

నేను పాథాలజీలో పనిచేస్తాను, వైద్యం రాసేవాణ్ణి కాదు, కాబట్టి మందుల జోలికి పెద్దగా వెళ్ళను. రిపోర్టు వరకు చెప్తాను, ఎందుకంటే మీ ఇంట్లో భయం అంతా ఆ రిపోర్టు చివరి లైనులోనే ఉంది.

ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల గ్లోమెరులై ఉంటాయి, ఒక్కోటీ ఒక చిన్న జల్లెడ, నీరు, వ్యర్థాలు కిందికి పోవాలి, ప్రోటీన్ పైనే ఆగాలి. ఆ జల్లెడ బయటి వైపు పోడోసైట్ అనే కణాలు కాళ్ళు చాచి పట్టుకుని ఉంటాయి. ఈ జబ్బులో దెబ్బ తినేది ఆ కణాలే. పోడోసైట్ పోతే దాని స్థానంలో కొత్తది అంత తేలిగ్గా పుట్టదు, ఖాళీ అయిన చోట మచ్చ కడుతుంది. మీ తమ్ముడి బయాప్సీలో 18లో 4 ఇంటికి, అది కూడా ఒక్కో దాంట్లో కొంత భాగానికే మచ్చ ఉంది, ఒకటి పూర్తిగా పోయింది. మిగతా 13 లైట్ మైక్రోస్కోపులో బావున్నాయి. ఫైబ్రోసిస్ 10 శాతమే. క్రియాటినిన్ కూడా ఇంకా పెరగలేదు. అంటే జబ్బు గట్టిగానే ఉంది గానీ కిడ్నీ ఇంకా చేతిలోనే ఉంది. మీరు నెట్‌లో చదివింది ఒక రకంగా నిజమే, పడిన మచ్చ పోదు. కానీ మందు పని ఆ నాలుగు మచ్చల్ని చెరపడం కాదు, ఆ 13 ఇంటికి మచ్చ పడకుండా ఆపడం.

ఇంకో మాట. ఎఫ్ఎస్‌జీఎస్ అనేది నిజానికి ఒక జబ్బు పేరు కాదు, మైక్రోస్కోపు కింద మాకు కనిపించే ఆకారం పేరు. అక్కడికి ఎన్నో దారుల్లో రావచ్చు. రక్తంలో తిరిగే ఏదో పదార్థం పోడోసైట్లని దెబ్బ తీస్తే వచ్చేది ఒకటి, దాన్ని ప్రైమరీ అంటారు, స్టెరాయిడ్ పనిచేసేది దీనికి. విపరీతమైన లావు, పుట్టుకతో ఒకటే కిడ్నీ, చిన్నప్పటి నుంచి మూత్రం వెనక్కి తన్నడం, హెచ్ఐవీ లాంటివాటి వల్ల వచ్చేది సెకండరీ, అక్కడ స్టెరాయిడ్ ఇచ్చి లాభం లేదు, కారణాన్ని చూడాలి. మూడోది జన్యువుల వల్ల వచ్చేది. కాబట్టి డాక్టర్ని అడగాల్సిన మొదటి ప్రశ్న ఎఫ్ఎస్‌జీఎస్‌కి మందేంటి అని కాదు, మావాడిది ఇందులో ఏ రకం, ఎలా అనుకుంటున్నారు అని. మీరు చెప్పినదాన్ని బట్టి ఉన్నట్టుండి వాపు, ఆల్బుమిన్ 1.9కి పడిపోవడం, 6.8 గ్రాముల ప్రోటీన్, ఇవి ప్రైమరీ వైపు చూపిస్తాయి. సెకండరీలో ప్రోటీన్ బాగా పోతున్నా ఆల్బుమిన్ చాలాసార్లు మామూలుగానే ఉంటుంది, వాపు అంతగా రాదు. ఈఎం చేసి ఉంటే పోడోసైట్ కాళ్ళు అంతటా చెదిరిపోయాయా, అక్కడక్కడేనా అని తెలిసేది, అది ఈ తేడా చెప్పడానికి బాగా ఉపయోగం. చేయలేదని కంగారు లేదు, బ్లాకు, స్లైడ్లు ల్యాబ్‌లో ఉంటాయి, అవి జాగ్రత్త చేయమని చెప్పండి, అంత బాగా రాకపోయినా ఆ పారఫిన్ బ్లాకు నుంచే తర్వాత ఈఎం చేసే వీలుంది.

ఎన్ఓఎస్ అంటే 2004 కొలంబియా వర్గీకరణలో ఉన్న ఐదు రకాల్లో ఒకటి, ఎక్కువగా కనిపించేది అదే. టిప్ అని ఉంటే మందుకి బాగా లొంగుతుంది, కొలాప్సింగ్ అని ఉంటే భయపడాలి. మీది ఆ రెండూ కాదు.

ఇది అడగని సంగతే అయినా చెప్తాను, ఎప్పుడైనా ఎవరికైనా బయాప్సీలో మినిమల్ చేంజ్ (మచ్చలు లేకుండానే నెఫ్రోటిక్ తెచ్చే జబ్బు) అని వచ్చి, మందుకి లొంగక రెండోసారి తీస్తే ఎఫ్ఎస్‌జీఎస్ అని వస్తే మొదటి డాక్టర్ని తిట్టకండి. మచ్చలు ముందు కిడ్నీ లోతుల్లో, మెడుల్లాకి దగ్గర ఉన్నవాటికి పడతాయని ఆర్నాల్డ్ రిచ్ అనే పాథాలజిస్ట్ 1957లోనే చూపించాడు. సూదికి వచ్చేది పాతిక లోపు గ్లోమెరులై, అందులో మచ్చ ఉన్నది తగలకపోవచ్చు.

కవిటి_మాస్టారు:

చెల్లెమ్మా, మనది పక్క మండలమే. ఉద్దానం భయం నాకు తెలుసు, మా వీధిలో కిడ్నీ పోయిన ఇల్లు లేదు అనలేను. కానీ మీ తమ్ముడిది అదిలా లేదు. మన దగ్గర కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు వైపు వచ్చేదాంట్లో దెబ్బ తినేది ఎక్కువగా గ్లోమెరులై చుట్టూ ఉండే గొట్టాలు, కణజాలం. అందుకే అందులో మూత్రంలో ప్రోటీన్ చాలా తక్కువ పోద్ది, ఒక్కోసారి అసలే పోదు. వాపు రాదు, బీపీ రాదు, మనిషి కొబ్బరి తోటలోనో జీడి తోటలోనో పని చేసుకుంటూనే ఉంటాడు, ఏదో క్యాంపులో రక్తం తీస్తే క్రియాటినిన్ 3 అనో 4 అనో బయటపడద్ది. మీవాడికి సరిగ్గా తిరగబడి ఉంది, క్రియాటినిన్ 1.1, ప్రోటీన్ 6.8. అదీగాక బయాప్సీలో ఫైబ్రోసిస్ 10 శాతమే అంటున్నారు. ఈ మాట అమ్మకి విడమరచి చెప్పండి, పెదనాన్నగారి జబ్బు వేరు, ఇది వేరు, వైద్యం కూడా వేరు. ఉద్దానం జబ్బుకి కారణం ఇన్నేళ్ళయినా తేలలేదు, స్టెరాయిడ్ దానికి వాడరు కూడా.

ఒకటి మాత్రం మన ప్రాంతంలో జాగ్రత్త పడాలి. ఒళ్ళు నొప్పులని ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గరికి వెళ్తే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ పొడుస్తారు. ఈ పిల్లాడికి ఆ నొప్పి బిళ్ళలు, ఇంజెక్షన్లు పనికిరావు, ఐబూప్రొఫెన్ కూడా. జ్వరం వస్తే పారాసిటమాల్, అంతే.

ఉప్పు గురించి కూడా. మన ఇళ్ళల్లో ఎండు చేప, ఉప్పు చేప, ఆవకాయ లేకుండా ముద్ద దిగదు. వాపు తగ్గాలంటే అవి పక్కన పెట్టాల్సిందే, రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు దాటకూడదు, అంటే ఒక టీ స్పూను. లాసిక్స్ వేసుకుంటూ ఎండు చేప తింటే ఆ బిళ్ళ డబ్బులు దండగ.

ప్రకృతి_ప్రేమి:

ఇంగ్లీషు మందులు కిడ్నీని తినేస్తాయి. గలిజేరు ఆకు పప్పులో వండి పెట్టండి, పునర్నవ కషాయం పొద్దున సాయంత్రం, 40 రోజుల్లో నురగ పోతుంది. మా బంధువుకి పూర్తిగా తగ్గింది. కావాలంటే మందు ఇచ్చే ఆయన నంబరు ఇస్తాను.

కాకినాడ_రాజు:

మీ బంధువుకి బయాప్సీ అయిందాండి? ఏ జబ్బో తెలియకుండా తగ్గింది అంటే ఎలా. వాపు నెఫ్రోటిక్ వల్లే రావాలని లేదు కదా, గుండెకీ వస్తుంది, లివర్‌కీ వస్తుంది. గలిజేరు కూర తింటే తప్పని నేను అనను, మా ఇంట్లోనూ వండుతారు. దాన్ని నమ్ముకుని నాలుగు నెలలు మందు లేకుండా ఉంటేనే ప్రమాదం. నంబర్లు దయచేసి ఇక్కడ పెట్టొద్దు.

స్లైడ్_చూసేవాడు:

దీనికి నాదీ ఒక మాట. ఆకు కూర సంగతి వేరు, పొట్లాల్లో ఇచ్చే పొడులు, భస్మాల సంగతి వేరు. వెల్లూరు సీఎంసీ వాళ్ళు మెంబ్రేనస్ నెఫ్రోపతీ వచ్చినవాళ్ళలో ఒక రకం రోగుల్ని పరిశీలిస్తే చాలామంది నాటు మందులు వాడినవాళ్ళే, ఆ మందుల్లో పాదరసం దొరికింది. కేరళలో మలప్పురం వైపు తెల్లబడే క్రీములు రాసుకున్నవాళ్ళకి ఇలాగే నెఫ్రోటిక్ వచ్చింది, దాంట్లోనూ పాదరసమే. అది ఎఫ్ఎస్‌జీఎస్ కాదు, వేరే జబ్బు, కానీ ఒక పక్క ప్రోటీన్ కారుతున్న కిడ్నీకి ఇంకో దెబ్బ ఎందుకు. మీ తమ్ముడు బట్టల షోరూంలో నిలబడతాడు కాబట్టి అడుగుతున్నా, క్రీములేమన్నా వాడుతున్నాడేమో కనుక్కోండి.

సోంపేట_అక్క:

అందరికీ చాలా థాంక్స్. మాస్టారు రాసింది అమ్మకి చదివి వినిపించాను, రెండుసార్లు చదివించుకుంది. క్రీము అడిగితే ముందు లేదన్నాడు, తర్వాత ఒకటి తెచ్చి చూపించాడు, పారేయించాను, డాక్టరుగారికి కూడా చెప్తాం. మరి గుడ్ల సంగతి? ఇంకా నాన్న కిడ్నీ ఇవ్వడం గురించి ఎవరన్నా చెప్తారా, ఆయన బ్లడ్ గ్రూపు టెస్టు కూడా చేయించుకొచ్చేశాడు.

బోడుప్పల్_అమ్మ:

అక్కా మా బాబుకు 4 ఏండ్లప్పుడు నెఫ్రోటిక్ వచ్చింది, ఇప్పుడు పెద్దగైండు, స్కూల్‌కు పోతుండు. చిన్న పిల్లలకైతే బయాప్సీ చెయ్యకుండనే స్టెరాయిడ్ మొదలుపెడ్తరు, ఎందుకంటే పిల్లల్లో ఎక్కువమందికి మినిమల్ చేంజే ఉంటది, తగ్గిపోతది. మావోనికి వారాలు గడిచినా ప్రోటీన్ ఆగలే, అప్పుడు బయాప్సీ చేస్తే ఎఫ్ఎస్‌జీఎస్ వచ్చింది. స్టెరాయిడ్‌కు లొంగని పిల్లలల్ల కొంతమందికి జీన్ వల్ల వస్తది అని బ్లడ్ పంపించిన్రు. పోడోసిన్ అని ఒక ప్రోటీన్ ఉంటదట, దాని జీన్ ఎన్‌పీహెచ్ఎస్2, 2000లనే కనిపెట్టిన్రట, అది పాడైతే స్టెరాయిడ్ ఎన్నేండ్లు వాడినా దండగ. దేవుని దయ, మావోనికి ఆ జీన్లు ఏమీ రాలే, టాక్రోలిమస్‌తోని తగ్గింది. మేనరికం పెండ్లిళ్ళు అయిన ఇండ్లల్ల ఇట్లాంటియి ఎక్కువ, మీ అమ్మానాన్నలది మేనరికమా? అయితే డాక్టర్‌కు తప్పక చెప్పుండ్రి. ఇంట్ల ఇంకెవరికన్నా చిన్న వయసులనే కిడ్నీ పోయిందా, చెవుడు ఉన్నదా అని కూడ అడుగుతరు.

గుడ్ల ముచ్చట మాకూ మస్తు చెప్పిన్రు. ఎంత తినిపిస్తె అంత మూత్రంల పోతది, ఆల్బుమిన్ పెరగది, పైంగ కిడ్నీ మీద ఇంక బరువు. పూర్తిగ మానెయ్యుడు కూడ తప్పే, కండ కరిగిపోతది. పెద్దోళ్ళకు కిలో బరువుకు 0.8 నుంచి 1 గ్రాము దాక అని మా డైటీషియన్ చెప్పింది, అంటే మామూలుగ పప్పు, ఒక గుడ్డు, పెరుగు, అట్లనే తినుడు. వాపుతోని ఉన్న బరువు లెక్క కాదు, అసలు బరువు లెక్కేసుకోండ్రి.

ఇంట్ల యూరిన్ చూసుడు నేర్చుకోండ్రి. మెడికల్ షాపుల స్ట్రిప్పులు దొరుకుతయి, పొద్దుగాల మొదటి మూత్రంల ముంచితె పసుపు నుంచి ఆకుపచ్చకు మారుతది, ఎంత పచ్చగైతె అంత ప్రోటీన్. ఒక నోటుబుక్కుల తేదీ, స్ట్రిప్ ఎంత, బరువు, బీపీ, ఏ మందు ఎంత డోసు అని రాసి పెట్టుండ్రి. డాక్టర్లు మారినా ఆ బుక్కే మాట్లాడతది. మావోని బుక్కు చూసి నిమ్స్‌ల డాక్టరమ్మ కూసోబెట్టి మరీ చదివింది.

ఇంకోటి, స్టెరాయిడ్ మొదలుపెట్టకముందు టీబీ ఉన్నదా చూస్తరు, న్యుమోకాకల్ టీకా గురించి కూడ అడగండ్రి. డోసు ఎక్కువ ఉన్నప్పుడు చికెన్‌పాక్స్ టీకా లాంటి లైవ్ టీకాలు వెయ్యరు. ఇంట్ల ఎవరికన్నా అమ్మవారు పోస్తె బాబును దూరం పెట్టుండ్రి, వెంటనే డాక్టర్‌కు ఫోన్ చెయ్యుండ్రి.

డల్లాస్_లక్ష్మి:

కిడ్నీ ఇవ్వడం గురించి నేను చెప్తాను, మా ఆయనకి ఎఫ్ఎస్‌జీఎస్‌తోనే కిడ్నీలు పోయి 2019లో ట్రాన్స్‌ప్లాంట్ అయింది. మీ నాన్నగారి ప్రేమ సరే, కానీ ఇప్పుడు ఆ మాటే అక్కర్లేదు. క్రియాటినిన్ 1.1 ఉన్న కుర్రాడికి ఎవరూ ట్రాన్స్‌ప్లాంట్ చెయ్యరు. పైగా ఈ జబ్బుకో చెడ్డ గుణం ఉంది, ప్రైమరీ రకం అయితే కొత్త కిడ్నీకి కూడా మళ్ళీ రావచ్చు, సుమారు ముగ్గురిలో ఒకరికి వస్తుందని మాకు ముందే చెప్పారు. మా ఆయనకి వచ్చింది కూడా, ఆపరేషన్ అయిన కొద్ది రోజుల్లోనే మూత్రంలో ప్రోటీన్ మొదలైంది, ప్లాస్మా మార్చారు, రిటుక్సిమాబ్ అనే మందు ఇచ్చారు, నిలబడింది. జన్యువు వల్ల వచ్చిన రకమైతే మళ్ళీ రావడం చాలా అరుదు, అందుకే ఏ రకం అనేది రేపటికి కూడా పనికొచ్చే ప్రశ్న. జన్యువు రకమైతే ఇచ్చే తల్లిదండ్రుల్లోనూ అది ఉందేమో చూస్తారు.

తప్పు కిడ్నీది కాదు రక్తంలో తిరిగేదానిది అని చెప్పడానికి మా డాక్టర్ ఒక కథ చెప్పేవారు, 2012లో పెద్ద జర్నల్‌లో వచ్చింది. షికాగోలో 27 ఏళ్ళ అబ్బాయికి వాళ్ళ చెల్లెలు కిడ్నీ ఇస్తే రెండు రోజుల్లోనే ఎఫ్ఎస్‌జీఎస్ తిరగబెట్టింది, ఇక లాభం లేదని రెండు వారాలకి ఆ కిడ్నీ తీసి, అందరి అనుమతితో, షుగర్ వల్ల కిడ్నీలు పోయిన ఇంకో పెద్దాయనకి పెట్టారు. ఆయన ఒంట్లో అదే కిడ్నీ కోలుకుని మామూలుగా పనిచేసింది! వింటే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది. ఆ తిరిగే పదార్థం ఏమిటో చాలా ఏళ్ళు వెతికారు, 2024లో వచ్చిన పరిశోధనలో నెఫ్రిన్ అనే ప్రోటీన్ మీద యాంటీబాడీలు మినిమల్ చేంజ్ ఉన్నవాళ్ళలో సగం మందికి దగ్గరగా, ఎఫ్ఎస్‌జీఎస్‌లో తక్కువమందిలో కనిపించాయి. అంటే ఇంకా పూర్తిగా తేలలేదు.

అమెరికా సైట్లు చదివి భయపడకండి అని కూడా చెప్తున్నా. ఇక్కడ ఎఫ్ఎస్‌జీఎస్ నల్లజాతి వాళ్ళలో బాగా ఎక్కువ, గట్టిగా ఉంటుంది, దానికి కారణం ఏపీఓఎల్1 అనే జన్యువులో పశ్చిమ ఆఫ్రికా పూర్వీకుల నుంచి వచ్చిన మార్పు అని 2010లో తేలింది. ఆ మార్పు అక్కడ నిద్ర జబ్బు నుంచి కాపాడేదట, ఇక్కడ కిడ్నీ మీద పడింది. మనవాళ్ళలో అది ఉండదు, కాబట్టి ఆ లెక్కలన్నీ మనకి వర్తించవు. మీ తమ్ముడికి ధైర్యం కావాలంటే అలోంజో మోర్నింగ్ గురించి చూడమనండి, బాస్కెట్‌బాల్ ప్లేయర్, ఎఫ్ఎస్‌జీఎస్ అని 2000లో తెలిసింది, 2003లో బంధువు కిడ్నీ ఇచ్చాడు, మళ్ళీ కోర్టులోకి దిగి 2006లో మయామీ హీట్‌తో ఎన్‌బీఏ చాంపియన్ అయ్యాడు.

కొత్త మందు స్పార్సెంటాన్ గురించి ఎవరో ఒకరు మీకు ఫార్వర్డ్ చేస్తారు చూడండి. దాని పెద్ద ట్రయల్ ఫలితాలు 2023లో వచ్చాయి, పాత బీపీ మందుతో పోలిస్తే ప్రోటీన్ బాగా తగ్గించింది, కిడ్నీ పనితీరు పడిపోయే వేగంలో మాత్రం రెండేళ్ళకి చెప్పుకోదగ్గ తేడా చూపించలేదు. దాని కోసం ఆగి కూర్చోవడం దండగ.

సోంపేట_అక్క:

ఈరోజు మళ్ళీ వెళ్ళొచ్చాం. మీరు చెప్పినట్టే ఏ రకం అని అడిగాను, డాక్టరుగారు కుర్చీ ముందుకి జరుపుకుని చెప్పడం మొదలుపెట్టారు, మొదటిసారి ఆయన అంత మాట్లాడటం చూశాను. ప్రైమరీ అనే అనుకుంటున్నారట, స్కాన్‌లో రెండు కిడ్నీలు మామూలు సైజే, బరువు కూడా ఎక్కువ కాదు. అమ్మానాన్నలది మేనరికమే అని చెప్తే జన్యు పరీక్ష సంగతి స్టెరాయిడ్‌కి లొంగకపోతే చూద్దాం అన్నారు. క్రీము సంగతి రాసుకున్నారు, ఐఎఫ్‌లో మెంబ్రేనస్ ఆనవాళ్ళు లేవు గానీ ఇక వాడొద్దన్నారు. ఎక్స్‌రే తీయించారు, బాగానే ఉంది. రేపట్నుంచి ప్రెడ్నిసలోన్. కనీసం నాలుగు వారాలు పూర్తి డోసు, తగ్గుతున్నట్టుంటే ఇంకా కొనసాగించి 16 వారాల లోపే ఆపి చూస్తాం, అస్సలు కదలకపోతే ముందే టాక్రోలిమస్ అన్నారు. తగ్గడం అంటే ఎంత తగ్గాలి? అది అడగడం మర్చిపోయాను. ఖర్చు గురించి కూడా, మాకు తెల్ల కార్డు ఉంది.

కాకినాడ_రాజు:

మంచి డాక్టరే దొరికారండి. 24 గంటల ప్రోటీన్ 0.3 గ్రాముల లోపుకి వస్తే పూర్తిగా తగ్గినట్టు. అక్కడికి రాకపోయినా ఇప్పుడున్నదాంట్లో సగానికి తగ్గి 3.5 లోపుకి వస్తే కొంత తగ్గినట్టు, దాన్ని చిన్నచూపు చూడకండి, అలా కొంత తగ్గినవాళ్ళ కిడ్నీలు కూడా అస్సలు తగ్గనివాళ్ళకంటే చాలా ఎక్కువ కాలం నిలుస్తాయి. నాదీ ఆ కొంత తగ్గిన బాపతే. అస్సలు తగ్గనివాళ్ళలో మాత్రం సుమారు సగం మందికి 5 నుంచి 10 ఏళ్ళలో డయాలసిస్ దాకా వస్తుందని మా డాక్టరు దాచకుండా చెప్పారు. అందుకే ఈ నాలుగు నెలలు మందు ఒక్కపూట కూడా తప్పకూడదు.

ఖర్చుకి, ఎన్టీఆర్ వైద్య సేవ ఉన్న హాస్పిటల్లో ఆరోగ్యమిత్ర డెస్కు ఉంటుంది, బయాప్సీ రిపోర్టు, కార్డు పట్టుకెళ్ళి ఏది వస్తుందో ఏది రాదో అక్కడే అడగండి, ఊళ్ళో వాళ్ళ మాట మీద వదిలేయకండి. ప్రెడ్నిసలోన్ చవకే. టాక్రోలిమస్‌కి వెళ్తేనే ఖర్చు, దాని బ్లడ్ లెవెల్ టెస్టు కూడా మాటిమాటికీ చేయించాలి.

ఒక కాలు ఒక్కటే ఎక్కువ వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి వచ్చినా, నడుము పక్కన నొప్పితో మూత్రం ఎర్రగా వచ్చినా రాత్రనక పగలనక హాస్పిటల్‌కి పరిగెత్తండి. ఆల్బుమిన్ అంత తక్కువున్నప్పుడు రక్తం గడ్డ కట్టే గుణం ఎక్కువ. వారం చూద్దాం అనే జబ్బు కాదది.

కవిటి_మాస్టారు:

కొబ్బరి నీళ్ళ మాట ఎవరూ ఎత్తలేదు. మన దగ్గర ఒంట్లో బాలేదంటే బొండాం కొట్టి ఇచ్చేస్తారు. టెల్మిసార్టన్ వేసుకుంటున్నాడు కాబట్టి రక్తంలో పొటాషియం ఎంతుందో చూసుకుని, డాక్టర్ సరేనంటేనే ఇవ్వండి.

సోంపేట_అక్క:

పొటాషియం 4.4 ఉంది మాస్టారూ, వారానికోసారి ఒక బొండాం పర్లేదన్నారు. రాజుగారూ, టాక్రోలిమస్ కథ తర్వాత చెప్తానన్నారు కదా, ఇప్పుడే చెప్పేయండి, ముందే తెలిస్తే మంచిది.

కాకినాడ_రాజు:

చెప్తానండి. 12 గంటలకోసారి, పొద్దున ఎనిమిదికి వేస్తే రాత్రి ఎనిమిదికి, టైము తప్పకూడదు. లెవెల్ టెస్టుకి వెళ్ళే రోజు పొద్దున బిళ్ళ వేసుకోకుండా వెళ్ళి రక్తం ఇచ్చాక వేసుకోవాలి, లేకపోతే లెక్క తప్పొస్తుంది. మావాళ్ళు 5కీ 10కీ మధ్య ఉంచుతారు. ఎక్కువైతే చేతులు వణుకుతాయి, క్రియాటినిన్ కూడా పెరుగుతుంది, ఆ మందే కిడ్నీని కొంచెం ఇబ్బంది పెడుతుంది కాబట్టి చూసుకుంటూ వాడాలి. ఆరు నెలలు చూడకుండా పనిచేయలేదని తేల్చరు, పనిచేస్తే కనీసం ఏడాది కొనసాగిస్తారు. పంపర పనస తినకూడదు, దాంతో లెవెల్ పెరిగిపోతుంది. జలుబుకో దగ్గుకో వేరే డాక్టర్ దగ్గరికెళ్తే టాక్రోలిమస్ వాడుతున్నానని ముందు చెప్పాలి, క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్కులు, ఫంగస్‌కి ఇచ్చే ఫ్లూకోనజోల్ దాని లెవెల్‌ని ఎక్కడికో తీసుకెళ్తాయి. అయినా మీకు ఆ అవసరం పడకపోవచ్చు. నాలుగో వారం ప్రోటీన్ ఎంతొచ్చిందో ఇక్కడ పెట్టండి.